శవం దొరికిన పేజీలో నవ్వొచ్చా?

ప్రశ్న: రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకి బస్సులో ఉద్యోగానికి వెళ్తానండీ. దారిలో సరదా డిటెక్టివ్ నవలలు చదువుతూ, శవం దొరికిన పేజీలో కూడా పకపకా నవ్వేస్తుంటాను, పక్క సీటావిడ అదోలా చూస్తోంది. పైగా చంద్రగిరి దాటకముందే ఆఖరి పేజీ తిరగేసి హంతకుడెవరో చూసేస్తాను. మజా పోతుందంటారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: హాయిగా నవ్వండి, ఆవిడకి మరీ అనుమానంగా ఉంటే ఒక నవల చేతిలో పెట్టండి. ఈ తరహా కథల్లో చచ్చేవాడు మొదట్లోనే చచ్చిపోతాడు, వాడి మీద మనకి జాలి పుట్టేంత టైమ్ రచయిత కావాలనే ఇవ్వడు.

ఆఖరి పేజీ అలవాటు మాత్రం మానుకోండి. ఎందుకంటే మంచి రచయిత క్లూని జోకులోనే దాచేస్తాడు. వంటావిడ సాంబారులో రెండుసార్లు ఉప్పేసిందని ఇంటాయన గోల చేస్తుంటే మనం నవ్వేసి పేజీ తిప్పేస్తాం, ఆవిడ అంత కంగారులో ఎందుకుందో 150వ పేజీకి గానీ తెలిసిరాదు. ముందే తెలిసిపోతే బోల్తా పడే సుఖమేదీ? రెండోసారి చదివేటప్పుడు ఎలాగూ అన్నీ కనిపిస్తాయి.

కాస్త సీరియస్‌గా కావాలనిపించిన రోజు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు ఉండనే ఉన్నారు. నవ్వుకే అయితే మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి 'చంటబ్బాయ్'. 1986లో జంధ్యాల గారు చిరంజీవితో తీసిన సినిమా దాని ఆధారంగానే. సినిమా చూసేశానని నవల వదిలేయకండి.