గడియారం బొమ్మకు 2 మార్కులు రాలేదంటే...

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఈమధ్య చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నారు. లెక్కలు, మందులు మాత్రం తనే చూసుకుంటారు. క్లినిక్‌లో మూడు మాటలు గుర్తుపెట్టుకోమని, గడియారం గీయమని అడిగారు. 5కి 2 వచ్చాయి. డిమెన్షియా మొదలైనట్టేనా?

జవాబు: ఆ మార్కులతో అలా తేల్చలేం. రోజువారీ పనులు సొంతంగా చేసుకుంటున్నంతకాలం, లోపం నిజంగా ఉన్నా దాన్ని డిమెన్షియా అనరు. ఎంసీఐ, అంటే స్వల్ప మేధో క్షీణత అంటారు. అందరికీ అది ముదరదు, కొందరిలో తగ్గిపోతుంది కూడా.

మీరు చెప్పిన పరీక్ష పేరు మినీ-కాగ్. గుర్తున్న మాటకు ఒక్కో మార్కు. గడియారం సరిగ్గా ఉంటే 2, లేదంటే సున్నా. 3 కంటే తక్కువ వస్తే ఇంకా లోతుగా చూడాలని మాత్రమే అర్థం. మార్కుకన్నా తప్పు ఎలా వచ్చిందో చూస్తే ఎక్కువ తెలుస్తుంది. పదకొండు గంటల పది నిమిషాలు చూపమంటే, 'పది' అన్న మాట చెవిన పడగానే నిమిషాల ముల్లును 2 మీద కాకుండా 10 మీద పెట్టేస్తారు కొందరు. అది మరుపు కాదు, ఆలోచనను అదుపులో పెట్టుకోవడంలో తడబాటు. ఆ కాగితం అడిగి తీసుకుని దాచండి.

కళ్లజోడు మరిచిపోయినా, మాట సరిగ్గా వినబడకపోయినా, జ్వరంలోనో నిద్రలేని రాత్రి తర్వాతో చేసినా మార్కులు పడిపోతాయి. పక్కన కూర్చున్నవాళ్లు మాట అందిస్తే అనవసరంగా పెరుగుతాయి (ఇది తరచూ జరిగేదే).

తర్వాత మోకా పరీక్ష (జ్ఞాపకశక్తి, ఆలోచన, భాషను ఇంకా వివరంగా చూసేది) అడగండి, అదీ ఆయన మాట్లాడే భాషలో. 30కి 26, ఆపైన వస్తే సాధారణం. చదువు 12 ఏళ్లు మించనివారికి ఒక మార్కు కలుపుతారు. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు, వినికిడి, దిగులు, నిద్రలో గురక కూడా చూపించాలి. వాడే మందులన్నీ సంచీలో వేసుకెళ్లండి. జలుబు, నిద్ర మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్, దిగులుకు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడానికిచ్చే ఆక్సీబ్యుటినిన్ మతిని మందగింపజేస్తాయి. అలాగని మీరే ఆపేయొద్దు, కొన్నింటిని మెల్లగా తగ్గించాలి.

ఇవన్నీ సరిచేశాక ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మళ్లీ పరీక్ష చేయించండి. వారంలోనే చేయిస్తే పాత ప్రశ్నలు గుర్తుండి మార్కులు పెరుగుతాయి. అయితే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా అయోమయం వస్తే పరీక్షల కోసం ఆగకండి. ఇన్ఫెక్షనో, పక్షవాతమో, మందు వికటించడమో కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.