పైకి ఎర్రగా కాలినా లోపల పచ్చిగానే ఉంటుంది

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఏథెన్స్ వెళ్లొచ్చారు. అక్కడ వీధి కొట్లలో తిన్న గైరో మాకూ రుచి చూపిస్తామని, చికెన్ ముక్కలను ఊచకు దట్టంగా గుచ్చి, ఓవెన్‌లో నిలబెట్టి కాల్చారు. నిలువునా కోసి పీటా రొట్టెలో చుట్టి పెట్టారు. మూడో రోజు మావారికి, అల్లుడికి జ్వరం, విరేచనాలు. మావారికి 58 ఏళ్లు, బీపీకి టెల్మిసార్టన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఇప్పుడు ఇద్దరికీ తగ్గింది. గ్రీకు తిండి గుండెకు మంచిదంటారు కదా, మళ్లీ చేసుకోవచ్చా?
- ఓ సోదరి, హనుమకొండ

జవాబు: చేసుకోవచ్చమ్మా. కానీ ఆ ఊచ పద్ధతి మాత్రం మానేయండి.

గ్రీకులు దీన్ని 'యీరో' అంటారు, అంటే తిరగడం. కొట్టులో మాంసం పొడవాటి ఊచ మీద మంట ముందు తిరుగుతూ ఉంటుంది. కాలిన పైపొరను మాత్రమే పల్చగా చెక్కి ఇస్తారు. లోపలి పచ్చి మాంసం తన వంతు వచ్చి, మంటకు ఎదురుపడి కాలాకే పీటాలోకి వస్తుంది. మీ ఇంట్లో పైన ఎర్రబడగానే దించి, నడిమి దాకా కోసేశారు. అక్కడికి వేడి చేరి ఉండదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులైతే వేరే కారణం వెతికేవాణ్ని. మూడో రోజు జ్వరంతో మొదలైందంటే, సరిగా ఉడకని కోడిమాంసంలో ఉండే కాంపైలోబ్యాక్టర్, సాల్మొనెల్లా అనే క్రిములనే ముందు అనుమానిస్తాను. మల పరీక్ష లేకుండా ఫలానాదని తేల్చి చెప్పలేం.

ఇంటికి సరిపడేది సువ్లాకి. అదీ ఏథెన్స్ వీధి తిండే. అంగుళం ముక్కలు కోసి, సన్నటి పుల్లలకు కాస్త ఎడంగా గుచ్చి పెనం మీదో గ్రిల్ మీదో కాల్చండి. అన్నిటికంటే లావు ముక్క నడుమ 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరాలి. వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, రంగు చూసి నమ్మడం కంటే అదే మేలు. నిమ్మరసం, ఒరెగానో, వెల్లుల్లి పట్టించి నానబెట్టేది ఫ్రిజ్‌లోనే. నిమ్మ పులుపుకు క్రిములు చచ్చిపోవు.

ఇంకో మాట, ఇది మన ఇళ్లన్నిటికీ. చికెన్‌ను కుళాయి ధార కింద కడిగితే ఆ తుంపరలు పక్కనున్న కీర, ఉల్లిపాయల మీద పడతాయి. వాటిని మనం పచ్చిగానే తింటాం. నిజానికి కడగనక్కర్లేదు, క్రిములను చంపేది వేడే. మనసొప్పకపోతే కూరగాయలు ముందే కోసి మూత పెట్టేయండి. చికెన్‌ను గిన్నెలో నెమ్మదిగా కడిగి, తర్వాత సింకునూ చేతులనూ సబ్బుతో కడుక్కోండి.

'జాజికి' అనే గ్రీకు పెరుగు చట్నీ మన కీర పెరుగుపచ్చడికి చుట్టమే. పెరుగును పల్చటి గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లోనే వడకట్టండి. కీర తురిమి, ఉప్పేసి, గట్టిగా పిండండి. నీళ్లతో పాటు ఉప్పూ కొంత పోతుంది, అది మీవారికి మంచిది. మన ఎండల్లో దాన్ని గంటకు మించి బయట ఉంచొద్దు. ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేసి సీసాలో రోజుల తరబడి గట్టు మీద ఉంచే అలవాటుంటే వెంటనే మానండి, అందులో బొటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.

ఇక గుండె సంగతి. 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనంలో గ్రీసులోని క్రీట్ ద్వీపం వాళ్లకు గుండె జబ్బులు తక్కువని తేలింది. వాళ్లు తిన్నది పప్పులు, ఆకుకూరలు, ఆలివ్ నూనె. మాంసం ఎప్పుడో గానీ లేదు. మైదా పీటాలో మాంసంతో పాటు బంగాళాదుంప వేపుళ్లూ కూరి చుట్టే వీధి తిండికి ఆ పేరు అంటగట్టకూడదు. మీవారికి నెలకు ఒకటి రెండుసార్లు చాలు. గోధుమపిండితో చేసిన చిన్న పీటా ఒక్కటి, వేపుళ్లు లేకుండా, ఉల్లి టమాటా ఎక్కువగా పెట్టి ఇవ్వండి. ఫెటా చీజ్, ఊరబెట్టిన ఆలివ్‌లు ఆయన పళ్లెంలో వద్దు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు, 30 గ్రాముల ఫెటాతోనే దాదాపు ముప్పావు గ్రాము వెళ్లిపోతుంది.

చివరగా మీరు అడగనిదొకటి. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టన్ వేసుకుంటే కిడ్నీల మీద భారం పడుతుంది. కిడ్నీ సరిగా పనిచేయనప్పుడు మెట్‌ఫార్మినూ ఒంట్లో పేరుకుంటుంది. తగ్గింది కదా అని ఊరుకోకుండా ఈ వారంలోనే ఆయనకు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించండి. మళ్లీ ఎప్పుడైనా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ మొదలుపెట్టి, ఆ రెండు మాత్రలూ ఆపాలా వద్దా అని ఆ రోజే మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.