‘పర్ఫెక్ట్’ని అన్నిచోట్లా ‘పరిపూర్ణం’ అనొచ్చా?

కుదరదు. లాటిన్‌లో ఈ మాటకి మూలార్థం ‘పూర్తిగా చేసినది’. లోపం లేనిదన్న అర్థం దాన్నుంచే వచ్చింది. అందుకే వ్యాకరణంలో ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే పని ముగిసిందనే గానీ బాగా చేశారని కాదు. ‘ఐ హ్యావ్ ఈటెన్’కి దగ్గరి తెలుగు ‘తినేశాను’.

నెల్లూరు చేపల పులుసులో చింతపండూ మామిడికాయా కారమూ సరిగ్గా పడితే ‘పులుసు భలే కుదిరింది’ అంటాం. ‘పరిపూర్ణంగా ఉంది’ అంటే వడ్డించే ఆమె నవ్వుతుంది. చీమకుర్తి గ్రానైట్ పలకకైతే ‘మచ్చలేనిది’, కొలతకి ‘కచ్చితం’, ఏర్పాట్లకి ‘పక్కా’. గణితంలో మాత్రం ‘పరిపూర్ణ సంఖ్య’ అనే వాడతారు: 6 కంటే చిన్నవైన దాని కారణాంకాలు 1, 2, 3 కలిపితే మళ్లీ 6.

‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్’ అంటే ముక్కూమొహం తెలియని మనిషి, మెచ్చుకోలేమీ లేదిక్కడ.

ఎక్కువమంది పొరబడేది ఉచ్చారణలో. విశేషణమైతే ‘పర్’ని నొక్కి పలకాలి. ‘లోపాలు దిద్ది మెరుగుపెట్టు’ అనే క్రియ అయితే ‘ఫెక్ట్’ని నొక్కాలి. స్పెల్లింగ్ ఒకటే కావడంతో చదివేటప్పుడు తేడా కనిపించదు.