గది ఉష్ణోగ్రతలో పనిచేసే సూపర్‌కండక్టర్ వస్తే సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు చవకైపోతాయా?

అవ్వవండీ. నిరోధం లేకుండా కరెంటుని పోనిచ్చే పదార్థం సూపర్‌కండక్టర్. దాంతో చేసి, కాంతి కణాల్ని (ఫోటాన్లని) ఒక్కొక్కటిగా పట్టే పరికరాలే నేను చెప్పే డిటెక్టర్లు, ఇవి గడ్డకట్టే చలిలోనే పనిచేస్తాయి. 2023 జులైలో ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్ అన్న గోల నడిచినప్పుడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ ఇదే ప్రశ్న వచ్చింది. "కొరియా వాళ్లు కనిపెట్టేశారటరా, ఇక మీ ఫ్రిజ్‌లతో పన్లేదుగా" అని మా బాబాయ్ ఓ వీడియో పంపాడు. కొన్ని వారాలకే అది సూపర్‌కండక్టర్ కాదని తేలింది. ఆ కబురు మాత్రం గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

నేను జర్మనీలో ఈ డిటెక్టర్ల మీదే పీహెచ్‌డీ చేశాను. నయోబియం నైట్రైడ్ అనే సూపర్‌కండక్టర్ పొర, మందం ఐదారు నానోమీటర్లు. దాన్ని వంద నానోమీటర్ల వెడల్పున్న తీగలా చెక్కి, మెలికలు మెలికలుగా తిప్పి, తట్టుకోగలిగిన హద్దుకి కాస్త కిందగా కరెంటు పంపుతాం. ఒక్క ఫోటాన్ తగిలిందా, ఆ చోట నిరోధం లేకుండా కరెంటు మోసే ఎలక్ట్రాన్ జంటలు విడిపోతాయి. కాలవలో పెద్ద మట్టిపెళ్ల పడితే నీళ్లు పక్కలకి ఒత్తుకుని గట్లు కోసేస్తాయే, అలా కరెంటు పక్కలకి తోసుకుని తీగ వెడల్పు మొత్తాన్నీ చెడగొడుతుంది. నిరోధం పుట్టుకొస్తుంది, కరెంటు ఆంప్లిఫయర్ వైపు మళ్లుతుంది, మనకో పల్స్ కనిపిస్తుంది. 2001లో మాస్కోలో గోల్ట్స్‌మన్ బృందం చేసి చూపించింది ఇదే. అసలు నయోబియం నైట్రైడ్‌తో ఆల్ఫా కణాల్ని 1949లోనే అమెరికాలో ఆండ్రూస్ పట్టాడు. ఆయన్ని తలుచుకునే నాథుడే లేడు, అది వేరే బాధ.

ఇంతకీ చలి ఎందుకు తప్పదో నాకు పుస్తకం చెప్పలేదు. ఓ రాత్రి లేజర్ ఆపేశాం, ట్యూబ్‌లైట్లు ఆర్పేశాం, పరికరాల మీద మిణుకుమనే చిన్న దీపాలకి నల్ల టేపు అంటించాం. అయినా సెకనుకి వందల్లో కౌంట్లు (అంటే పల్స్‌లు). వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థం కాక నేను కనెక్టర్లన్నీ వెతుకుతుంటే, మా సీనియర్ నవ్వుకుంటూ వచ్చి, డిటెక్టర్‌కి కాంతి తెచ్చే ఫైబర్ బయటికి వేలాడుతుంటే, దాని కొసని తన అరచేతికి ఆనించింది. కౌంట్లు రెట్టింపు దాటాయి! చెయ్యి తీసేస్తే మళ్లీ దిగాయి. డిటెక్టర్ చూస్తున్నది ఆవిడ ఒంటి వేడిని. గది గోడ, కుర్చీ, మనిషి అన్నీ పరారుణ కాంతి చిమ్ముతూనే ఉంటాయి, అందులో ఓ పిసరు ఫైబర్ గుండా లోపలికి పోతుంది. తర్వాత క్రయోస్టాట్ (డిటెక్టర్‌ని చల్లగా ఉంచే పెట్టె) లోపలి చల్లటి పలక మీద ఫైబర్‌ని చిన్న చుట్టలుగా చుట్టాం. పొడవు తరంగాలు ఆ వంపుల దగ్గరే జారిపోయి కౌంట్లు బాగా తగ్గాయి. (మనుషులు రేడియేషన్ చిమ్ముతారని ఇంట్లో చెప్పి చూడండి. మా పిన్ని వెంటనే మేడ మీద సెల్ టవర్ సంగతెత్తింది.)

ఇప్పుడు లెక్క చూడండి. 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఫోటాన్ శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 800 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. మా పొరలో ఒక జంటని విడగొట్టడానికి మూడు నాలుగు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, కాబట్టి ఒక్క ఫోటాన్‌కి వందల జంటలు విడిపోగలవు. అదే 300 కెల్విన్ (దాదాపు 27 డిగ్రీల సెల్సియస్, గది ఉష్ణోగ్రత) దాకా నిలబడే పదార్థమైతే జంటకి 90 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా కావాలి. మహా అయితే ఎనిమిది జంటలు! పైగా చుట్టూ ఉన్న వేడే వాటిని ఎడాపెడా విడగొడుతుంటుంది. ఇక ఫోటాన్ చేసిన పని ఏదో ఎలా తెలుస్తుంది? 2023లో క్యూప్రేట్ (రాగి ఆక్సైడ్ రకం సూపర్‌కండక్టర్) పల్చటి పొరలతో 20 కెల్విన్ దాటి సింగిల్ ఫోటాన్లని పట్టిన మాట నిజమే, మంచి పనే. కానీ 20కీ 300కీ మధ్య దూరం చూడండి.

అదే ఏడాది డిసెంబరులో నాసా వాళ్ల సైకీ అంతరిక్ష నౌక 3.1 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి లేజర్‌తో పిల్లి వీడియో పంపిందని అందరూ షేర్ చేశారు కదా. అమెరికాలోని పాలోమార్‌లో 200 అంగుళాల హేల్ టెలిస్కోపు వెనక ఆ కాంతిని లెక్కపెట్టింది ఈ రకం డిటెక్టరే, అదీ గడ్డకట్టే చలిలో కూర్చుని. వార్తల్లో పిల్లి పేరు వచ్చింది, కూలర్ ఊసు లేదు.

చవకగా కావాలంటే చవక కూలర్ కోసం ఎదురుచూడండి. మాకు చిప్ కంటే కంప్రెసర్, వాక్యూమ్ పంపు, నీళ్ల చిల్లర్, ఆ మూడింటి కరెంటు బిల్లే బరువు. ఈ రంగంలో పీహెచ్‌డీకి అప్లై చేస్తుంటే ఇంటర్వ్యూలో సిద్ధాంతం గురించి కాదు, కూలర్‌లో వాడే హీలియం వాయువు లీకు ఎలా వెతుకుతారో అడగండి. తడుముకోకుండా జవాబిచ్చిన లాబ్‌లో చేరండి.