నీ ఎనిమిది చేతుల ఇంజనీరు గురించి

తమ్ముడూ, నీ కథలో ఓడకి ఇంజనీరుగా ఎనిమిది చేతుల గ్రహాంతర జీవిని పెట్టినా, చదువుతుంటే ముసుగేసుకున్న మనిషిలానే ఉందని రాశావు. నిజమే, ఉంది. రూపం మార్చావు గానీ ఒళ్లు పనిచేసే తీరు మార్చలేదు.

మన సముద్రంలో ఆక్టోపస్‌నే చూడు. దానికి దాదాపు 50 కోట్ల నాడీకణాలుంటే, అందులో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. అంటే చేతులు చాలావరకు వాటంతటవే పనిచేస్తాయి. నీ కథలో కెప్టెన్ "వాల్వు కట్టెయ్" అనగానే ఇంజనీరు సరేనంటుంది, ఐదో చెయ్యి మాత్రం అప్పటికే ఇంకేదో విప్పుతుంటుంది. ఇప్పుడు తిట్టాల్సింది ఎవర్ని? కథ అక్కడుంది. ఇంకోటి, ఆక్టోపస్‌కు మూడు గుండెలు. ఈదేటప్పుడు అందులో ఒకటి ఆగిపోతుంది, అందుకే పాకడమే దానికి సుఖం. ప్రమాద గంట మోగినా నీ ఇంజనీరు పరిగెత్తకూడదు మరి!

ఇక భాష సంగతి. నీ ఓడలో అందరి మాటల్నీ ఓ అనువాద యంత్రమే మార్చేస్తోంది. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న మా పర్లాకిమిడి సంతలో మా పిన్ని కొట్టు దగ్గర ఓ గంట కూర్చో. కొండ దిగొచ్చిన సవర తెగ ముసలమ్మ చింతపండు గంప దించుతుంది. పిన్ని తెలుగులో అడిగితే ఆమె ఒడియాలో అంకె చెప్తుంది. మిగతా బేరమంతా వేళ్లతోనూ, గంప మళ్లీ నెత్తికెత్తుకోబోవడంతోనూ. నీ ఓడలోంచి ఆ అనువాద యంత్రం తీసి పారెయ్, సగం సమస్య పోతుంది.

ఇంజనీరు కాఫీ తాగే సీను మాత్రం ఉంచు. కప్పు పట్టుకుంటే చాలు, దానికి రుచి తెలిసిపోవాలి. ఆక్టోపస్‌కు చేతుల మీద అతుక్కునే గుండ్రటి చూషకాలే నాలుక.