వీధి చివర 40బీ అపార్ట్‌మెంట్లు: సంతకం పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మాది బోస్టన్ శివార్లలో ఒక టౌన్. స్కూళ్లు బాగుంటాయని తలకు మించిన అప్పు చేసి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం. ఇప్పుడు మా వీధి చివర ఖాళీ స్థలంలో 200 ఫ్లాట్ల అద్దె అపార్ట్‌మెంట్లు కడతామని ఒక బిల్డర్ దరఖాస్తు పెట్టాడు. జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చన్న టౌన్ రూల్స్) ప్రకారం అక్కడ సింగిల్ ఫ్యామిలీ ఇళ్లే కట్టాలి కానీ, తక్కువ ఆదాయం వాళ్లకీ ఇళ్లు అందాలని పెట్టిన 40బీ అనే రాష్ట్ర చట్టం కింద వస్తే ఆ రూల్ అడ్డం రాదట. ఇంటింటి ముందూ 'వద్దు' అని బోర్డులు. పక్కింటావిడ పిటిషన్ పట్టుకుని రెండుసార్లు వచ్చి వెళ్లింది. మనవాళ్ల వాట్సాప్ గ్రూపులోనేమో 'సెక్షన్ 8 వాళ్లు (ప్రభుత్వ అద్దె సాయంతో ఉండేవాళ్లు) వస్తారు, ఇళ్ల రేట్లు పడిపోతాయి, స్కూలు కిక్కిరిసిపోతుంది' అని ఒకటే గోల. మావారు సంతకం వద్దంటున్నారు. టౌన్ దీన్ని నిజంగా ఆపగలదా? మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, మసాచుసెట్స్

జవాబు: మీ టౌన్‌లోని మొత్తం ఇళ్లలో అఫర్డబుల్ ఇళ్లు (ఆదాయ పరిమితి పెట్టి అందుబాటు ధరకి ఇచ్చేవి) 10 శాతానికి తక్కువుంటే, ఆపడం చాలా కష్టం. మార్చడం మాత్రం కుదురుతుంది. మీ వీధివాళ్లు మొదటి దాని మీదే బలమంతా పెడుతున్నారని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది.

ఈ చట్టం 1969 నాటిది. శివారు టౌన్లు పెద్ద పెద్ద స్థలాల్లో ఒక్కో ఇల్లే కట్టాలని రూల్ పెట్టుకుని, తక్కువ ఆదాయం వాళ్లని లోపలికి రాకుండా చేస్తున్నాయన్న కోపంతో రాష్ట్రం తెచ్చిన చట్టమిది. బిల్డర్ ఒక్కో ఆఫీసు చుట్టూ తిరగకుండా టౌన్‌లోని జోనింగ్ బోర్డ్ ఆఫ్ అప్పీల్స్ దగ్గర అన్ని అనుమతులూ కలిపి ఒకటే కాంప్రహెన్సివ్ పర్మిట్ అడుగుతాడు. బోర్డు కాదంటే, లేక ప్రాజెక్టు గిట్టుబాటు కాకుండా పోయేలా షరతులు పెడితే, రాష్ట్రంలోని హౌసింగ్ అప్పీల్స్ కమిటీకి వెళ్తాడు. టౌన్ 10 శాతం దాటకపోతే అక్కడ మొగ్గు ఇళ్ల అవసరం వైపే ఉంటుంది. ఆ అవసరాన్ని మించిన స్థానిక ప్రమాదం ఏదో ఉందని టౌనే నిరూపించుకోవాలి. 'మా ఊరి అందం పోతుంది' అంటే అక్కడ నిలబడదు. 1973లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఈ చట్టం రాజ్యాంగబద్ధమేనంది. 2010లో దీన్ని రద్దు చేయాలని బ్యాలెట్‌లో పెడితే సుమారు 58 శాతం మంది వద్దన్నారు. కాబట్టి చట్టమే పోతుందన్న ఆశ పెట్టుకోకండి.

10 శాతం చేరని టౌన్‌కి కూడా ఊపిరి పీల్చుకునే దారులు కొన్నున్నాయి. రాష్ట్రం ఆమోదించిన హౌసింగ్ ప్రొడక్షన్ ప్లాన్ (అఫర్డబుల్ ఇళ్లు ఎలా పెంచుతామన్న టౌన్ ప్రణాళిక) ఉండి, మొత్తం ఇళ్లలో 0.5 శాతం కొత్త అఫర్డబుల్ ఇళ్లు ఒక ఏడాదిలో వస్తే, టౌన్ ఏడాది పాటు 'కాదు' అనగలదు. 1 శాతం వస్తే రెండేళ్లు. కానీ తనకి ఆ వెసులుబాటు ఉందన్న మాట బోర్డు హియరింగ్ మొదలైన 15 రోజుల్లోపే చెప్పాలి. మీ టౌన్ ప్లానింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి మన శాతం ఎంత, ప్లాన్ సర్టిఫై అయిందా అని అడగండి. వాట్సాప్‌లో వారం రోజులు కొట్టుకున్నా తేలనిది ఆ ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

ఇక ఎవరొస్తారన్న భయం. 200 ఫ్లాట్లలో సాధారణంగా 50 మాత్రమే ఆదాయ పరిమితితో ఇచ్చేవి, మిగతా 150 మార్కెట్ అద్దెకే పోతాయి. ఆ 50 కూడా ఎవరికి? ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నవాళ్లకి. 2024లో బోస్టన్ ప్రాంతంలో నలుగురున్న కుటుంబానికి ఆ పరిమితి 1,30,250 డాలర్లు. అంటే మీ పిల్లల టీచరు, ఆసుపత్రిలో నర్సు, మాస్టర్స్ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరిన మనవాళ్ల పిల్లలు. ఆ గ్రూపులో మెసేజ్‌లు పెట్టినవాళ్లలోనే కొందరు ఈ దేశం వచ్చిన కొత్తలో ఈ లెక్కలోకి వచ్చేవాళ్లేనని నా అనుమానం. సెక్షన్ 8 వోచర్ ఉందన్న కారణంతో అద్దెకి ఇవ్వకపోవడం ఈ రాష్ట్రంలో చట్టరీత్యా వివక్ష. అలాంటి మాట హియరింగ్‌లో ఎవరైనా అంటే రికార్డులోకి ఎక్కుతుంది, టౌన్ లాయర్‌కే తలనొప్పి అవుతుంది.

రేట్ల సంగతి. బోస్టన్ చుట్టుపక్కల ఇలాంటి పెద్ద అద్దె ప్రాజెక్టుల పక్కనున్న ఇళ్ల ధరల్ని ఎంఐటీ రియల్ ఎస్టేట్ సెంటర్ వాళ్లు పరిశీలించి 2005లో ఇచ్చిన నివేదిక, వాటి వల్ల ధరలు దెబ్బతిన్న ఆధారం లేదంది. ఇదొక్కటే ఆఖరి మాట అనను. కానీ 'రేటు పడిపోతుంది' అన్నది కోర్టులో పనికిరాదు: ఆండోవర్ కేసులో 2006లో రాష్ట్ర సుప్రీం కోర్టు, ఆస్తి విలువ తగ్గుతుందన్న కారణంతో పొరుగువాళ్లకి 40బీ పర్మిట్ మీద దావా వేసే హక్కు రాదని తేల్చేసింది. లాయర్‌ని పెడదాం, తలా వెయ్యి డాలర్లు వేసుకుందాం అని ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే ముందు ఈ కేసు గురించి అడగండి.

స్కూలు భయం మాత్రం తీసిపారేసేది కాదు. పిల్లలెంత మంది వస్తారన్నది బెడ్‌రూమ్‌ల మీద ఉంటుంది. రాష్ట్ర పాలసీ మామూలుగా కనీసం 10 శాతం ఫ్లాట్లు మూడు బెడ్‌రూమ్‌లవి కావాలంటుంది, మిగతావి ఎక్కువగా ఒకటి, రెండు బెడ్‌రూమ్‌లవే కడతారు. స్కూల్ డిస్ట్రిక్ట్ లెక్కలు అడిగి చూసుకోండి. అయితే పిల్లలు ఎక్కువవుతారన్న కారణంతో ఇళ్లు ఆపమంటే కమిటీ ముందు నిలవదు.

మరి మీ చేతిలో ఏముంది? చాలానే. బోర్డు ట్రాఫిక్, డ్రైనేజీ నిపుణుల్ని బిల్డర్ ఖర్చుతోనే పెట్టించి అతని లెక్కలు మళ్లీ చెక్ చేయించవచ్చు. హియరింగ్ మామూలుగా 180 రోజుల వరకు నడుస్తుంది. అంత టైములో అంతస్తులు తగ్గించడం, బిల్డింగ్‌ని వెనక్కి జరపడం, మీ వైపు చెట్ల వరస, ఫుట్‌పాత్, రోడ్డు దాటే చోట సిగ్నల్, కట్టేటప్పుడు లారీలు తిరిగే వేళలు, ఇవన్నీ షరతులుగా రాయించుకోవచ్చు. ఇంకో సంగతి: టౌన్ సొంత రూల్స్ పక్కన పెట్టొచ్చు గానీ చిత్తడి నేలల్ని కాపాడే రాష్ట్ర వెట్‌ల్యాండ్స్ చట్టం, సెప్టిక్‌కి సంబంధించిన టైటిల్ 5 రూల్స్ తప్పించుకోలేరు. వానాకాలంలో ఆ స్థలంలో నీళ్లు నిలబడితే ఫొటోలు తీసి తేదీతో సహా పంపండి, అది వంద సంతకాల కన్నా ఎక్కువ పని చేస్తుంది. అవసరం ఉందని టౌన్ చూపించగలిగితే ఫ్లాట్లు ఎవరికన్నది తేల్చే మొదటి లాటరీలో అఫర్డబుల్ ఫ్లాట్లలో 70 శాతం వరకు స్థానికులకి, టౌన్ ఉద్యోగులకి ముందు అవకాశం ఇవ్వొచ్చు. అది అడిగినవాళ్లకే వస్తుంది.

సంతకం మాటకొస్తే, నేనైతే 'ఆపండి' అనే పిటిషన్ మీద పెట్టను. మీ పేరుతో మీరే ఒక పేజీ ఉత్తరం బోర్డుకి రాయండి. పక్కింటావిడతో గొడవ అక్కర్లేదు, 'నేను విడిగా రాస్తున్నానండీ' అంటే సరిపోతుంది. మీవారి మాటలో తప్పులేదు, కానీ సంతకం పెట్టకుండా ఊరుకోవడం మాత్రం చాలదు.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను, అద్దె ఇల్లు. మా టౌన్‌లోనూ ఇలాంటి ప్రాజెక్టే వస్తోంది, నాకైతే రావాలనే ఉంది. హియరింగ్‌లో మాట్లాడితే వీసాకి ఏమైనా ఇబ్బందా అని టెన్షన్. అసలు సిటిజన్ కానివాళ్లకి మాట్లాడే హక్కు ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: టౌన్ మీటింగ్‌లో (ఊరి నిర్ణయాలు ఓటేసి తేల్చే సభ) ఓటు వేయడానికి సిటిజన్ అయి ఉండాలి, నిజమే. కానీ 40బీ టౌన్ మీటింగ్‌లో తేలేది కాదు. జోనింగ్ బోర్డు హియరింగ్ బహిరంగ సమావేశం. పేరు, అడ్రసు చెప్పి అభిప్రాయం చెప్పడానికి మీ వీసా ఎవరూ అడగరు, ఒక స్థానిక హియరింగ్‌లో మాట్లాడటం హెచ్1బీ నిబంధనలకు విరుద్ధమూ కాదు. మైకు ముందు నిలబడాలంటే భయమైతే మెయిల్ పంపండి, అదీ రికార్డులోకే వెళ్తుంది. 'నేను ఈ టౌన్‌లో పని చేస్తున్నాను, అద్దె ఇంత కడుతున్నాను, ఇల్లు వెతకడానికి ఇంత కాలం పట్టింది' అని మీ లెక్క మీరు చెప్పండి. ఇలాంటి హియరింగులకి సొంతిల్లున్నవాళ్లు, రిటైర్ అయినవాళ్లే ఎక్కువగా వస్తారు. అద్దెకుండేవాళ్లు కనబడరు కాబట్టి మీ రెండు నిమిషాలు బోర్డుకి గుర్తుంటాయి.

ప్రశ్న: బోస్టన్ పక్కనున్న మిల్టన్‌లో అపార్ట్‌మెంట్ల జోనింగ్‌ని ఓటేసి తిప్పికొట్టారు కదా, మేమూ అలా చేయలేమా?
– ఇంకో పాఠకుడు

జవాబు: అది వేరే చట్టం. 2021 నాటి ఎంబీటీఏ (బోస్టన్ ప్రాంతపు రైళ్లు, బస్సులు నడిపే సంస్థ) కమ్యూనిటీస్ చట్టం 177 ఊళ్లని అపార్ట్‌మెంట్లు కట్టుకోనిచ్చే జోన్ ఒకటి గీయమంటుంది, ఫలానా బిల్డింగ్ కట్టమని చెప్పదు. మిల్టన్ ఓటర్లు 2024 ఫిబ్రవరిలో ఆ జోనింగ్‌ని తిరస్కరించారు. 2025 జనవరిలో రాష్ట్ర అధికారులు ఆ చట్టం మార్గదర్శకాలు జారీ చేసిన పద్ధతిని రాష్ట్ర సుప్రీం కోర్టు తప్పుబట్టింది, చట్టాన్ని మాత్రం సమర్థించి అటార్నీ జనరల్ అమలు చేయించవచ్చంది. 40బీ పర్మిట్‌కి అసలు ఊరి ఓటింగే ఉండదు.