ప్రాజెక్ట్ అయిపోయాక కాదమ్మా, ఇప్పుడే మొదలుపెట్టు

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశా. కంప్యూటర్‌తో అనువాదం చేయించే మీ ట్రాన్స్‌లేషన్ ప్రాజెక్ట్ ఇంకో ఆర్నెల్లలో అయిపోతోంది, రిజల్ట్స్ నలుగురికీ తెలిసేలా చేసే పని నీ నెత్తిన పెట్టారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీట్లేదన్నావు. ఇన్నేళ్ళూ ఇదే ఫీల్డ్‌లో ఉన్నాను కాబట్టి నేను తిన్న దెబ్బలే చెప్తా, తర్వాత నీ ఇష్టం.

ముందు ఆ బ్రోషర్ పని ఆపెయ్. మా మొదటి ప్రాజెక్ట్‌కి మేమూ వేశాం, తళతళలాడే కాగితం, అట్ట మీద పన్నెండు భాషల్లో "స్వాగతం", అందులో రెండు తప్పులు, ఆ భాషల వాళ్ళే వచ్చి నవ్వుతూ చెప్పారు. అనువాదం ప్రాజెక్ట్ వాళ్ళం అనువాదమే తప్పు వేసుకున్నాం చూడు! మీ రిజల్ట్స్ గురించి ఏ భాషలో రాసినా ఆ భాష మనిషితో ఒకసారి చదివించాకే బయటికి వదులు.

నీ డ్రాఫ్ట్ మొదటి లైన్‌లోనే బ్లూ స్కోర్ పెట్టావు, మెషీన్ అనువాదంలో మాటలు మనిషి అనువాదంతో ఎంత కలిశాయో లెక్కేసే మార్కు. అది మన ఫీల్డ్ వాళ్ళకి, 2002 నుంచీ అలవాటైంది కాబట్టి. వాళ్ళక్కూడా ఎలా లెక్కేశావో చెప్పాలి, టోకెనైజేషన్, అంటే వాక్యాన్ని మాటలుగా విడగొట్టే పద్ధతి, మారిస్తే చాలు అదే అవుట్‌పుట్‌కి స్కోర్ మారిపోతుంది, 2018లో సాక్రెబ్లూ అనే టూల్ వచ్చిందే ఆ గొడవ తీర్చడానికి, ఏ సెట్టింగ్స్‌తో లెక్కేసిందో చెప్తూ అది ఇచ్చే సిగ్నేచర్ లైన్ తీసి పేపర్లో పెట్టెయ్. ఇంకోటి, తెలుగులాంటి భాషకి బ్లూ ఒక్కటే ఇస్తే మనకే నష్టం. రిఫరెన్స్‌లో, అంటే పోల్చడానికి పెట్టుకున్న మనిషి అనువాదంలో, "ఇంటికెళ్ళాడు" అని ఉండి మెషీన్ "ఇంటికి వెళ్ళాడు" అందనుకో, ఒక్క మాటా కలవలేదంటుంది బ్లూ. అక్షరాల ముక్కలు పోల్చే సీహెచ్‌ఆర్‌ఎఫ్ అయితే ఎన్నో కొన్ని మార్కులేస్తుంది. రెండూ ఇవ్వు.

బయటివాళ్ళకి మాత్రం స్కోర్ వద్దు, వాక్యాలు చూపించు. లేడీ డాక్టర్ గురించిన వాక్యానికి పాత సిస్టమ్ "డాక్టర్ వచ్చాడు, నువ్వు అతన్ని అడుగు" అంది, మీది "డాక్టర్ గారు వచ్చారు, మీరు ఆవిడని అడగండి" అంది, రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా క్షణంలో అర్థమైపోతుంది. దాని కిందే మీది ఇంకా బోల్తా పడే వాక్యం కూడా ఒకటి పెట్టు.

ఎందుకంటున్నానో చెప్తా. ఒకసారి లైవ్ డెమో ఇస్తున్నా, పది వాక్యాలు బాగా వచ్చేవే ఏరుకుని వెళ్ళా. ముందు వరసలో ఒక ట్రాన్స్‌లేటర్, పెద్దావిడ, నేనోటి టైప్ చెయ్యొచ్చా అనడిగింది. మందుల చీటీ మీదుండే మాట ఇచ్చింది, ఈ మాత్ర పరగడుపున వేసుకోకూడదు అని. మా సిస్టమ్ "పరగడుపున వేసుకోండి" అంది. ఆ "కూడదు" ఎటు పోయిందో ఇప్పటికీ నాకు తెలీదు. హాల్లో ఎవరూ మాట్లాడలేదు, నవ్వినా బాగుండేది. అప్పట్నుంచి నా డెమో తప్పులతోనే మొదలవుతుంది, ఫలానా చోట దీన్ని నమ్మొద్దని నేనే ముందు చెప్పేస్తా, విచిత్రమేంటంటే ఆ తర్వాత చెప్పేవి జనం ఎక్కువ నమ్ముతారు. మీరు "మనిషిలాగే అనువదిస్తుంది" అని మాత్రం ఎక్కడా రాయకండి, ట్రాన్స్‌లేటర్లు ఒక్క నిమిషంలో చీల్చేస్తారు. వాళ్ళనే ముందు పిలిచి వంద వాక్యాలిచ్చి, మెషీన్ డ్రాఫ్ట్ దిద్దడానికెంత టైం పట్టింది, మొదట్నుంచి రాయడానికెంత పట్టింది అని గడియారం పెట్టి చూడు. ఏ స్కోర్ కన్నా అది పనికొస్తుంది.

ఇక లైసెన్స్. ఎన్‌ఎల్‌ఎల్‌బీ అనే అనువాద మోడల్ 2022లో 200 భాషలతో వచ్చింది, కానీ మోడల్ వ్యాపారానికి వాడకూడదు. 2023లో వచ్చిన ఇండిక్‌ట్రాన్స్2 మన 22 షెడ్యూల్డ్ భాషలకే, కానీ ఎంఐటీ లైసెన్స్, చిన్న కంపెనీ కూడా ధైర్యంగా వాడుకోవచ్చు. మీది ఏదో ఇప్పుడే తేల్చండి, డేటా ఇచ్చినవాళ్ళ పర్మిషన్ ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి, ప్రాజెక్ట్ అయ్యాక ఒక్కళ్ళూ ఫోనెత్తరు. డేటా ఇవ్వలేకపోతే టెస్ట్ సెట్, అంటే మోడల్‌ని పరీక్షించే వాక్యాలు, అయినా ఇవ్వండి, కాకపోతే ఊరికే టెక్స్ట్ ఫైల్‌గా పడెయ్యొద్దు, వెబ్ అంతా గాలించే క్రాలర్ ప్రోగ్రాములు ఎత్తుకుపోయి రేపెవరో దాని మీదే మోడల్‌ని ట్రెయిన్ చేస్తే ఇంక అది టెస్టే కాదు. జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్ పక్కనే రాసెయ్, మనుషులకి ఇబ్బంది లేదు.

కోడ్ ఇస్తే మాన్యువల్‌తో ఇవ్వు. 2007లో మోసెస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ అలాగే వచ్చింది, ఓపెన్ సోర్స్, ఎవరి భాషల జత వాళ్ళు పెట్టుకుని ట్రెయిన్ చేసుకున్నారు, అందుకే అంతలా పాకింది.

సొంత వెబ్‌సైట్‌ని మాత్రం నమ్ముకోకు. మా డొమైన్ రెన్యూ చెయ్యడం ఎవరికీ గుర్తులేదు, పేపర్లో ఇచ్చిన లింక్ నొక్కితే రమ్మీ యాడ్ వచ్చేది, రెండేళ్ళు అలాగే వచ్చింది, సిగ్గుతో చచ్చాం. డేటా, మోడల్ జెనోడో అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెట్టు, డీఓఐ అని మారని నంబర్ ఒకటి ఇస్తారు, పేపర్లో ఆ నంబరే రాయి.

సరే, ముందు ఆ రెండు లైన్ల ఎగ్జాంపుల్స్ ఒక ఇరవై ఏరి నాకు పంపు, మీ సిస్టమ్ తప్పు చేసినవి కనీసం ఐదుండాలి. ఆదివారం ఖాళీగానే ఉంటా, కూర్చుని చూద్దాం.